నౌకాసేనాని సుఫ్రెన్

కలకడ, గుర్రంకొండ, మదనపల్లె, పుంగనూరు ప్రాంతములు సముద్రమునకు దూరముగా, కొండల నడుమ, మిట్టనేలపై నున్నవి. ఇచ్చటివారికి ఓడలతోడను రేవులతోడను పనిలేదు. అయినను పదునెనిమిదవ శతాబ్దమున ఈ సీమ యెవరి యేలుబడిలో నుండవలెనను ప్రశ్న కొంతవరకు సముద్రము మీదనే తేలవలసివచ్చెను.

ఆ కాలమున గుర్రంకొండ దుర్గము మైసూరు ప్రభువగు హైదరాలీ వశమున నుండెను. 1780వ సంవత్సరము జూలై నెలలో హైదరాలీ గొప్ప సైన్యముతో కనుమలు దిగి పాయనుఘాటు సీమలో ప్రవేశించెను. ఆ సెప్టెంబరులో కంచికి సమీపమున పొల్లిలూరు కడ కర్నల్ బెయిలీ సేనను నాశము చేసెను. ఆర్కాటు నగరమును పట్టుకొనెను. కాని చెన్నపట్టణమును మాత్రము పట్టుకొనలేకపోయెను. సముద్రము ఆంగ్లేయుల అధీనమున నుండుటయే దీనికి ముఖ్య కారణము. వంగదేశమునుండి బియ్యము, ధనము, సిపాయిలు ఓడలమీద వచ్చి దిగుచునే యుండిరి. నేలమీద ఎన్ని మారులు ఓడించినను వారు సముద్రపుటొడ్డున మరల బలము కూర్చుకొనుచుండిరి. హైదరాలీకి గుఱ్ఱములు వేలకొలది కలవు గాని వారి ఓడల నెదిరింపగల ఓడలు లేవు. 1780 డిసెంబరులో ఆంగ్ల నౌకాసేనాని సర్ ఎడ్వర్డు హ్యూస్ మంగళూరు రేవులో నున్న అతని కొద్ది ఓడలను గూడ తగులబెట్టెను.

ఈ లోపమును తీర్చుటకు ఫ్రాన్సు దేశమునుండి వచ్చినవాడే పియేర్ ఆంద్రే ద సుఫ్రెన్. అతడు కులీనుడు, వ్రతము పూనిన మతసంఘ సభ్యుడు, అందుపై మహాయోధుడు.

వీరసన్న్యాసుల సంఘము

సుఫ్రెన్ చరిత్ర తెలియవలెనన్న అతడు చేరిన సంఘమును గూర్చి కొంత తెలిసికొనవలెను. పదునొకండవ శతాబ్దమున జెరూసలేము నగరమున యాత్రికులకును రోగులకును సేవ చేయుటకై ఒక వైద్యశాల ఏర్పడెను. దానిని నడపిన సన్న్యాసులు సెయింట్ జాన్ సంఘమను పేర ప్రసిద్ధులైరి. 1113లో పోపు ఆ సంఘమును అంగీకరించెను. కాలక్రమమున రోగుల సేవతోపాటు యాత్రికులను కాపాడుటకై ఆయుధము పట్టుటయు వారి ధర్మమయ్యెను. జెరూసలేము చేజారిన పిమ్మట వారు రోడ్సు ద్వీపమునకును, అచ్చటినుండి 1530లో మాల్టా ద్వీపమునకును చేరిరి. అందుచే వారికి మాల్టా వీరులని పేరు వచ్చెను. నల్లని అంగీపై ఎనిమిది కొనలుగల తెల్లని శిలువ వారి చిహ్నము.

మన దేశమునను ఆ శతాబ్దమున నాగా సన్న్యాసులు కత్తియు డాలును పట్టి యుద్ధములు చేయుచుండిరి. కావున వ్రతమును ఖడ్గమును ఒక చేత నుండుట మనవారికి వింత గాదు. అయితే మాల్టా సంఘమున ఉన్నత శ్రేణి వీరుడు కాగోరువాడు తన వంశము అనేక తరములనుండి కులీన వంశమని నిరూపింపవలసియుండెను. పేదరికము, బ్రహ్మచర్యము, విధేయత యను మూడు వ్రతములను స్వీకరింపవలసియుండెను. ఇంతేగాక సంఘమువారి యుద్ధనౌకలపై సముద్రయానము చేసి ఓడదొంగలతో పోరాడుట విధిగా నుండెను. ఈ కారణముచే మాల్టా ద్వీపము ఐరోపాలోని కులీన యువకులకు నౌకావిద్య నేర్పు పాఠశాల వంటిదయ్యెను.

జననము, విద్యాభ్యాసము

సుఫ్రెన్ 1729 జూలై నెలలో దక్షిణ ఫ్రాన్సునందలి ప్రొవాన్సు సీమలో, సెయింట్ కన్నా యను గ్రామమున జన్మించెను. అతని తండ్రి సెయింట్ ట్రోపే ప్రభువు. ఆ దేశాచారము ననుసరించి తండ్రి యాస్తియు బిరుదమును జ్యేష్ఠునకే చెందుచుండెను. తక్కిన కుమారులు మతగురువులుగానో సైనికులుగానో బ్రతుకుతెరువు చూచుకొనవలసినదే. సుఫ్రెన్ చిన్న కుమారులలో ఒకడగుటచే అతనిని మాల్టా సంఘమునకును ఫ్రెంచి నౌకాదళమునకును అప్పగించిరి.

1743లో, పదునాలుగవ ఏట, అతడు టూలాను రేవులో నౌకాదళమున చేరెను. మరుసటి సంవత్సరమే టూలాను కడ జరిగిన యుద్ధమును కన్నులార చూచెను. 1747లో బిస్కే సముద్రశాఖయందు జరిగిన యుద్ధమున అతడున్న ఓడ ఆంగ్లేయులకు చిక్కెను. పదునెనిమిదేండ్ల బాలుడు బందీయై ఇంగ్లండునకు పోవలసివచ్చెను. సంధి జరిగి విడుదలయైన తరువాత అతడు మాల్టాకు పోయి సంఘమువారి ఓడలపై పని నేర్చెను. సప్తవర్ష సంగ్రామము మొదలుకాగా 1756లో మినోర్కా యుద్ధమున పాల్గొనెను. 1759లో లాగోసు కడ రెండవసారి ఆంగ్లేయులకు చిక్కెను.

రెండు మారులు బందీయగుట అతని మనస్సున గాఢముగ నాటుకొనెను. తన పక్షపు నౌకాపతులు ఓడలను కాపాడుకొనుటయే పరమార్థమని తలచి, శత్రువును వెదకి కొట్టుటకు వెనుదీయుటచేతనే ఈ పరాజయములు కలుగుచున్నవని అతడు తలచెను. తరువాతి సంవత్సరములలో ఒకప్పుడు రాజు కొలువునను, ఒకప్పుడు మాల్టా సంఘపు కొలువునను ఉండి, మధ్యధరా సముద్రమున ఓడదొంగలతో పోరాడుచు తన విద్యకు మెరుగు పెట్టుకొనెను. 1778లో ఫ్రాన్సు అమెరికా వలసవారికి తోడుగా ఇంగ్లండుపై యుద్ధమునకు దిగగా, సుఫ్రెన్ అమెరికా సముద్రములలో పోరాడి 1779లో గ్రెనాడా యుద్ధమున ధైర్యశాలియని పేరుపొందెను. అప్పటికి అతనికి ఏబదియేండ్లు. శరీరము మిక్కిలి స్థూలమైనది. భోజనప్రియుడు, వేషభాషలయందు శ్రద్ధలేనివాడు, మాట కటువు. కాని ఓడ కదలినచో అతనియంత చురుకైనవాడు మరియొకడు లేకుండెను.

గుడ్ హోప్ అగ్రము దారిలో

1781 మార్చి 22వ తేదీన సుఫ్రెన్ ఐదు యుద్ధనౌకలతో బ్రెస్టు రేవునుండి బయలుదేరెను. ఆఫ్రికా దక్షిణాగ్రమునందలి కేప్ వలసరాజ్యము అప్పుడు ఒలందావారిది. వారు ఫ్రాన్సుకు మిత్రులైరి. దానిని పట్టుకొనుటకై కమడోరు జాన్‌స్టన్ నాయకత్వమున ఆంగ్ల నౌకలు ముందే బయలుదేరియుండెను. ఆంగ్లేయులకంటె ముందు కేప్ చేరుటయే సుఫ్రెన్‌కు అప్పగింపబడిన పని.

ఏప్రిల్ 16వ తేదీన అతడు మంచినీటికై కేప్ వర్డ్ దీవులలోని పోర్టో ప్రాయా రేవునకు పోగా, ఆంగ్ల నౌకలు అచ్చట లంగరు వేసియుండుట కనబడెను. ఆంగ్ల నావికులు పలువురు ఒడ్డున నుండిరి. సుఫ్రెన్ తటపటాయింపక తన ఓడ హీరోను ముందు నడపి, రేవులోనే శత్రువును ఢీకొనెను. ఆ రేవు పోర్చుగీసువారిది. వారు ఆ యుద్ధమున ఏ పక్షమునను చేరనివారు. వారి నీటిలో పోరు సలుపుట న్యాయవిరుద్ధమని అప్పుడే విమర్శ పుట్టెను. యుద్ధముగూడ అతడు తలచినట్లు సాగలేదు. వెనుకనున్న ఓడలు సరిగా అందుకొనలేకపోయెను. ఒక ఓడ స్తంభములన్నియు విరిగిపోయెను. అయినను ఆంగ్ల నౌకలకు కలిగిన నష్టముచే, ఆలస్యముచే సుఫ్రెన్ జూన్ 21వ తేదీన ముందుగా కేప్ చేరి సైన్యమును దింపగలిగెను. తరువాత వచ్చిన జాన్‌స్టన్ దానిని ముట్టడింప సాహసింపలేదు. ఈ విధముగా ఒక అసంపూర్ణ యుద్ధముచే కేప్ రక్షింపబడెను.

చోళమండల తీరమున

అక్టోబరు నెలలో సుఫ్రెన్ మారిషస్ ద్వీపము చేరెను. అచ్చటి ఫ్రెంచి నౌకాదళమునకు దోర్వు అను వృద్ధుడు నాయకుడు. ఆ దళము హిందూదేశమునకు వచ్చుచుండగా 1782 ఫిబ్రవరి 9వ తేదీన దోర్వు సముద్రముమీదనే మరణించెను. నాయకత్వము సుఫ్రెన్‌కు సంక్రమించెను. అతని కెదురుగా నిలిచినవాడు హ్యూస్. ఇద్దరును వయసు మీరినవారే, అనుభవశాలులే. పదునారు నెలల వ్యవధిలో ఈ ఇద్దరు సేనానులు ఐదు మారులు పోరాడిరి.

ఆ కాలపు నౌకాయుద్ధము జరుగు రీతి విచిత్రమైనది. ఇరుపక్షముల ఓడలును బాటపై బండ్ల వరుసవలె ఒకదాని వెనుక నొకటిగ సాగుచు, ఎదుటి వరుసపై ఫిరంగులు ప్రేల్చుచుండును. ఓడకు ఓడ సరిపోవుటచే చాలమార్లు గెలుపు ఓటమి తేలక రాత్రియగుచుండెను. సుఫ్రెన్‌కు ఈ పద్ధతి నచ్చలేదు. శత్రువు వరుసలో వెనుకభాగముపై తన ఓడలలో ఎక్కువ భాగమును ఒక్కమారుగ కేంద్రీకరించి, ఇరువైపుల నుండి కొట్టవలెననియు, ముందున్న ఓడలు వెనుకకు తిరిగివచ్చులోపల పని ముగింపవలెననియు అతని యుక్తి. ఈ యుక్తి గొప్పదే. కాని దానికి ప్రతి నౌకాపతియు నాయకుని మనస్సెరిగి నడవవలెను. ఆ లోటే సుఫ్రెన్‌ను కడవరకు బాధించెను.

ఫిబ్రవరి 17వ తేదీన చెన్నపట్టణమునకు దక్షిణమున సద్రాసు కడ మొదటి యుద్ధము జరిగెను. సుఫ్రెన్‌కు పండ్రెండు ఓడలు, హ్యూస్‌కు తొమ్మిది. ఆంగ్లేయుల వెనుకభాగమున నున్న ఎక్సెటర్ అను ఓడ చిల్లులు పడి మునుగునంత పని అయ్యెను. కాని ఫ్రెంచి నౌకాపతులు కొందరు దూరమునుండియే ఫిరంగులు ప్రేల్చుచు నిలిచిపోయిరి. హ్యూస్ ఓడలు తప్పించుకొనెను. అటుపిమ్మట సుఫ్రెన్ తెచ్చిన సైన్యము పరంగిపేట కడ ఒడ్డుకు దిగి హైదరాలీ సేనలతో కలిసెను. ఏప్రిల్ ఆరంభమున కడలూరు వారి వశమయ్యెను.

ఏప్రిల్ 12వ తేదీన సింహళద్వీపపు తూర్పు తీరమున, ప్రొవిడియెన్ యను చిన్న దీవి సమీపమున రెండవ యుద్ధము జరిగెను. ఇరుపక్షములను చాలమంది మరణించిరి. గాలివానయు చీకటియు కమ్ముకొనగా, ఇరువురును లోతు తక్కువ నీటిలో లంగరులు వేసికొని, ఒకరి నొకరు చూచుకొనుచు ఓడలు బాగుచేసికొనిరి. జూలై 6వ తేదీన నాగపట్టణము కడ మూడవ యుద్ధము జరిగెను. నడుమ గాలి హఠాత్తుగ దిశ మార్చుటచే రెండు వరుసలును చెదరిపోయెను. ఆనాడు సెవేర్ అను ఫ్రెంచి ఓడ నాయకుడు భీతిల్లి తన జెండాను దింపించెను. అనగా లొంగిపోవ నిశ్చయించెను. కాని అతని క్రిందివారు ఒప్పుకొనక జెండాను మరల నెత్తి పోరాడి ఓడను దక్కించిరి. యుద్ధానంతరము సుఫ్రెన్ ఆ నౌకాపతిని, విధి తప్పిన మరికొందరిని పదవులనుండి తొలగించెను. వారిలో గొప్ప వంశములవారు గలరు. అయినను అతడు మొగమాటమునకు లొంగలేదు.

రేవులేని సేనాని

సుఫ్రెన్ కష్టములను ఊహించుట సులభము కాదు. ఆంగ్లేయులకు చెన్నపట్టణమున సామగ్రి గలదు. బొంబాయిలో ఓడలు బాగుచేయు కట్టడము గలదు. సుఫ్రెన్‌కు ఈ తీరమున భద్రమైన రేవొక్కటియు లేదు. పుదుచ్చేరిని 1778లోనే ఆంగ్లేయులు పట్టుకొనియుండిరి. స్తంభములు, త్రాళ్లు, తెరచాపలు, తుపాకిమందు, తిండి అన్నియు కరవే. చిన్న ఓడల స్తంభములు పీకి పెద్ద ఓడలకు నాటించెను. శత్రువుల సరకు ఓడలను పట్టి, వానిలోని బియ్యముతో తనవారిని పోషించెను. బహిరంగ సముద్రమున లంగరు వేసియే బాగుచేయు పని సాగించెను. నావికులలో పలువురు రోగములపాలై మరణించిరి.

ఇట్టి దశలో మారిషస్‌నకు మరలి రావలసినదిగా అతనికి ఆజ్ఞలు వచ్చెను. అతడు వానిని పాటింపలేదు. విధేయత వ్రతముగా గలవానికి ఇది తేలిక నిర్ణయము కాదు. కాని తన ఓడలు కనుమరుగైనచో హైదరాలీ ఫ్రెంచివారి స్నేహమును నమ్మడనియు, తెచ్చిన సైన్యము దిక్కులేనిదగుననియు అతడు గ్రహించెను. దూరముననున్నవారి ఆజ్ఞకంటె ఎదుటనున్న కార్యము గొప్పదని తలచి, ఫలితమునకు తానే బాధ్యుడై తీరముననే నిలిచెను.

హైదరాలీతో సమావేశము

ఆ జూలై నెల చివర కడలూరు సమీపమున సుఫ్రెన్, హైదరాలీ కలిసికొనిరి. సముద్రముపై ఆంగ్లేయులను నిలువరించినవానిని చూడవలెనని హైదరాలీ సేనతో తరలివచ్చెను. అశ్వికులు ఎదురేగి సుఫ్రెన్‌ను గుడారమునకు తోడుకొనిపోయిరి. దర్బారు పద్ధతి ప్రకారము తివాసీపై బాసీపట్టు వేసికొని కూర్చుండుట ఆ స్థూలకాయునకు కష్టమయ్యెను. హైదరాలీ అది గమనించి మర్యాదలను ప్రక్కకు పెట్టి, దిండ్లు వేయించి, సుఖముగ కూర్చుండుమనెనని చెప్పుదురు. ఒకడు చదువు రాకయే రాజ్యము స్థాపించిన వీరుడు. మరియొకడు సముద్రమే చదువుగా పెరిగిన వీరుడు. ఇద్దరికిని మాటలకంటె పనియే ప్రియము. ఆ స్నేహము హైదరాలీ మరణించువరకు చెడలేదు.

అయితే ఆ రోజులలోనే సుఫ్రెన్ కీర్తికి మాయని మచ్చ తెచ్చిన పని యొకటి జరిగెను. అతని వద్ద వందలకొలది ఆంగ్ల బందీలుండిరి. వారిని కాపాడుటకు చోటు లేదు. పెట్టుటకు తిండి లేదు. బందీలను మార్చుకొందమని అతడు చేసిన ప్రతిపాదనకు చెన్నపట్టణమునుండి అనుకూలమైన సమాధానము రాలేదు. తుదకు అతడు వారిని హైదరాలీకి అప్పగించెను. వారిని మైసూరు రాజ్యమునకు నడపించుకొనిపోయిరి. పలువురు చెరలలో ఏండ్ల తరబడి మ్రగ్గిరి. కొందరు మరల స్వదేశమును చూడలేదు. యౌవనమున రెండు మారులు బందీయై, బందీ దుఃఖమెట్టిదో తెలిసిన సుఫ్రెన్ ఇట్లు చేయుట విచారకరము. తన కష్టములు ఎంతటివైనను ఈ చర్యను సమర్థించుట సాధ్యము కాదు. రోగుల సేవకై పుట్టిన సంఘమున వ్రతము పట్టినవానికి ఇది మరియు తగనిది.

తిరుకోణమల విజయము

ఈశాన్య ఋతుపవనము వీచునప్పుడు చోళమండల తీరమున ఓడలు నిలుచుట అపాయము. సింహళమునందలి తిరుకోణమల రేవు ఎల్ల కాలములయందును భద్రమైనది. 1782 జనవరిలో ఆంగ్లేయులు దానిని ఒలందావారినుండి పట్టుకొనియుండిరి. దాని విలువ నెరిగిన సుఫ్రెన్ ఆగస్టు చివర సేనను దింపి ముట్టడించెను. కొద్దిదినములలో ఆ నెల ముగియకమునుపే కోటలు లొంగిపోయెను. హ్యూస్ సహాయముగా వచ్చుసరికి సెప్టెంబరు 2వ తేదీ యయ్యెను. కోటపై అప్పటికే ఫ్రెంచి జెండా ఎగురుచుండెను.

మరునాడు నాలుగవ యుద్ధము జరిగెను. రేవు చేతబడినది గనుక వెలుపలికి పోయి పోరాడ నక్కరలేదని పలువురు చెప్పిరి. సుఫ్రెన్ వినలేదు. అతనికి పదునాలుగు ఓడలు, హ్యూస్‌కు పండ్రెండు. కాని ఫ్రెంచి వరుస ఆదియందే చెదరెను. సుఫ్రెన్ ఓడ హీరోయు మరి రెండు ఓడలును మాత్రమే శత్రువుల నడుమ చిక్కుకొని గంటల తరబడి పోరాడెను. హీరో పెద్దస్తంభము దానిపైనున్న జెండాతో కూడ కూలిపోయెను. సేనాని లొంగెనని భ్రమించి ఆంగ్ల నావికులు హర్షధ్వానములు చేసిరి. సుఫ్రెన్ వెంటనే ఓడలోనున్న తెల్లజెండాలన్నిటిని తెప్పించి నలువైపుల కట్టింపవలసినదని ఆజ్ఞాపించెను. ఆ కాలమున తెల్లజెండాయే ఫ్రెంచి రాజు జెండా. అది చూచి తక్కిన ఓడలు దగ్గరకు వచ్చెను. చీకటి పడి హ్యూస్ మరలిపోయెను. ఓడ దక్కినది, రేవు దక్కినది, కాని తోడివారు తోడురాలేదన్న బాధ సుఫ్రెన్ మనస్సున నిలిచెను.

గంజాము కడ దుర్వార్త

హ్యూస్ బొంబాయికి పోయెను. సుఫ్రెన్ సుమత్రా ద్వీపమునందలి ఆచే రేవున శీతకాలము గడపెను. అతడు దూరముననున్న ఆ దినములలోనే హైదరాలీ రాచపుండుచే బాధపడుచు, చిత్తూరునకు సమీపమునందలి నరసింగరాయనిపేట కడ దండు విడిసియుండెను. 1782 డిసెంబరు 7వ తేదీన అతడు మరణించెను. కుమారుడు టిప్పు పడమటి తీరమున యుద్ధము చేయుచుండెను. సైన్యము చెదరునను భయముతో మంత్రులు మరణవార్తను దాచిరి; శవమును పెట్టెలో నుంచి కోలారునకు పంపిరి. టిప్పు అతివేగముగా వచ్చి సేనాధిపత్యమును వహించెను.

1783 జనవరి మొదట సుఫ్రెన్ మన ఉత్తర తీరమున గంజాము కడకు వచ్చెను. అచ్చట కవెంట్రీ యను ఆంగ్ల యుద్ధనౌక అతనికి చిక్కెను. బందీలవలన హైదరాలీ మరణవార్త తెలిసెను. తీరమునందలి ఆంగ్ల వర్తక స్థానములపై దాడి చేయవలెనను ఆలోచనను మానుకొని, మిత్రరాజ్యము నిలుచునో లేదో యను ఆతురతతో అతడు కడలూరునకు పరుగుదీసెను.

కడలూరు యుద్ధము

మార్చి నెలలో ఫ్రాన్సునుండి సైన్యముతో బుస్సీ వచ్చెను. 1757లో బొబ్బిలి యుద్ధమున విజయరామరాజు పక్షమున ఫిరంగులు మోగించిన బుస్సీయే ఇతడు. తెలుగు దేశమున ఒకప్పుడు ఎదురులేక తిరిగిన ఆ వీరుడు ఇప్పుడు వార్ధక్యముచేతను వాతరోగముచేతను క్రుంగిపోయియుండెను. జూన్ నెలలో జనరల్ స్టూవర్టు నాయకత్వమున ఆంగ్ల సేన అతనిని కడలూరులో ముట్టడించెను. సముద్రమువైపు పదునెనిమిది ఓడలతో హ్యూస్ కాచియుండెను. తిండియు మందుగుండు సామగ్రియు అందనిచో కడలూరు పతనము తప్పదు.

సుఫ్రెన్ తన పదునైదు ఓడలతో బయలుదేరెను. వానిలో కొన్ని చివికిపోయినవి. నావికులు చాలక పట్టణమునుండి సుమారు 1,200 మంది సైనికులను ఫిరంగులకడ పనికి ఎక్కించుకొనెను. మొదట గాలిని ఉపాయముగా వాడుకొని, పోరాటము లేకయే హ్యూస్‌ను స్థానభ్రంశము చేసి, పట్టణమునకును శత్రు నౌకలకును నడుమ నిలిచెను. జూన్ 20వ తేదీ సాయంకాలము ఐదవ యుద్ధము జరిగెను. ఈ మారు ఫ్రెంచి నౌకాపతులందరును వరుస తప్పక పోరాడిరి. ఓడ ఒక్కటియు మునుగలేదు. కాని ఆంగ్ల నావికులు స్కర్వీ వ్యాధితోను నీటి కరవుతోను కృశించియుండుటచే హ్యూస్ చెన్నపట్టణమునకు మరలెను. సుఫ్రెన్ సైనికులను ఒడ్డున దింపి బుస్సీకి బలము కూర్చెను. ముట్టడివేసిన ఆంగ్ల సేనయే ఇప్పుడు చిక్కులో పడెను.

సరిగా అప్పుడే, జూన్ 29వ తేదీన, సంధి జెండాతో ఒక ఆంగ్ల నౌక వచ్చెను. జనవరి 20వ తేదీననే ఐరోపాలో సంధి షరతులపై సంతకములైనవన్న వార్తను అది తెచ్చెను. ఐదు నెలలకు పూర్వమే ముగిసిన యుద్ధములో, వార్త రాక, ఇన్ని ప్రాణములు పోయెను. ఫ్రెంచివారు తప్పుకొనగా టిప్పు ఒంటరిగా యుద్ధము సాగించి 1784 మార్చి 11వ తేదీన మంగళూరు సంధి చేసికొనెను.

స్వదేశాగమనము, మరణము

తిరుగు ప్రయాణమున సుఫ్రెన్ కేప్ రేవున ఆగెను. అచ్చట తనతో పోరాడిన ఆంగ్ల నౌకాపతులు అనేకులు అతని ఓడకు వచ్చి గౌరవము చూపిరి. శత్రువులు మెచ్చుట తనవారి మెప్పుకంటె అతనికి ఎక్కువ సంతోషము కలిగించెను. 1784 మార్చి నెలలో టూలాను చేరినప్పుడు ప్రజలు జయధ్వానములతో ఎదుర్కొనిరి. రాజు అతనికొరకే ఒక ఉపనౌకాధిపతి పదవిని క్రొత్తగా సృష్టించెను. మాల్టా సంఘము బాయీ యను ఉన్నత బిరుదము నిచ్చి, ఫ్రెంచి రాజు కొలువున తన రాయబారిగా నియమించెను. 1788 డిసెంబరు 8వ తేదీన అతడు పారిసు నగరమున మరణించెను. మరుసటి సంవత్సరమే ఫ్రెంచి విప్లవము ఆరంభమయ్యెను. ఆ కల్లోలమున అతని సమాధి రూపుమాసిపోయెను. 1798లో నెపోలియన్ మాల్టా ద్వీపమును పట్టుకొనగా వీరసన్న్యాసుల రాజ్యమును అంతరించెను.

సుఫ్రెన్ ఐదు యుద్ధములలో హ్యూస్ ఓడ నొక్కదానినైనను పట్టుకొనలేదు. హ్యూస్‌కును తన ఓడ నొక్కదానిని చిక్కనీయలేదు. హిందూదేశమున ఫ్రెంచివారికి రాజ్యమును సంపాదించి పెట్టలేదు. అయినను అతని పేరు నౌకాదళ చరిత్రలలో నిలిచియున్నది. ఫ్రెంచి నౌకాదళము తన ఓడలకు ఆ పేరు పెట్టుచు, అణుశక్తితో నడచు జలాంతర్గామి యొకదానికిని అదే పేరు నుంచినది. రేవులేక, సామగ్రిలేక, సహాయము చేయు చేతులు చాలక, ఉన్నదానితోనే పని సాధించుటకు అతడు పూనిన పట్టుదలయే దీనికి కారణము.

అతని చరిత్రలో మెచ్చదగినదియు కలదు, వర్జింపదగినదియు కలదు. నాయకుడు ధైర్యశాలియైన చాలదు. తన యుక్తిని తోడివారికి ఓపికతో తెలియజెప్పవలెను. సుఫ్రెన్ తానెరిగినది అందరును ఎరుగుదురని తలచెను. వారు వెనుకబడినప్పుడు కోపించెను. ముందుగా బోధించుట తక్కువ. తప్పు వారిదే యైనను నష్టము కార్యమునకు కలిగెను. అట్లే, ఎంతటి ఇక్కట్టుననైనను చేతికి చిక్కిన శత్రువును కాపాడుట వీరుని ధర్మము. ఈ రెండు విషయములయందును అతడు కొరతపడెను. కాని కార్యము అసంపూర్ణముగ నుండగా వెనుదిరుగుట యెరుగడు. కొండసీమలో పుట్టి సముద్రమును చూడని బాలురకును అలవరచుకొనదగిన గుణమిది.